తల్లిపాలు మాన్పించాలా?

ప్రశ్న: మా బాబుకు 20 రోజులు. మడమ రక్తపరీక్షలో ఫినైల్‌కీటోన్యూరియా అని తేలింది. తల్లిపాలు ఆపేయాలా?

జవాబు: పూర్తిగా ఆపకండమ్మా. ఈ జబ్బులో ఫినైల్‌అలనైన్‌ అనే అమైనో ఆమ్లాన్ని (ప్రొటీన్‌లో ఉండే పదార్థం) టైరోసిన్‌గా మార్చే కాలేయ ఎంజైమ్ లోపించడంతో అది రక్తంలో పేరుకుని మెదడును దెబ్బతీస్తుంది. అందుకే ఫినైల్‌అలనైన్ లేని, టైరోసిన్ కలిపిన ప్రత్యేక పాలపొడి ఇవ్వాలి. తోడుగా డాక్టర్ చెప్పిన మేరకే తల్లిపాలు. ఫినైల్‌అలనైన్ అసలే అందకుండా చేస్తే ఎదుగుదల ఆగి, చర్మంపై దద్దుర్లు వస్తాయి. రక్తంలో అది లీటరుకు 120–360 మైక్రోమోల్స్ మధ్య ఉండాలి. మొదటి ఏడాది వారం వారం పరీక్ష తప్పదు.

ముఖ్యంగా జ్వరమొస్తే పస్తు పెట్టొద్దు. తిండి అందకపోతే ఒళ్లు సొంత కండనే కరిగించుకుంటుంది, ఆ ప్రొటీన్‌లోంచే ఫినైల్‌అలనైన్ పెరిగిపోతుంది. పెద్దయ్యాక పప్పు, గుడ్డు, మాంసంతో పాటు ఆస్పర్టేమ్ (ఫినైల్‌అలనైన్ ఉండే కృత్రిమ తీపి పదార్థం) కలిసిన డైట్ కూల్‌డ్రింకులూ వద్దు.