వేళ్లన్నీ ఎద్దు గంట మీదే ఉంటే

అక్కా, మీ ఒంగోలు ఎద్దు కథని ట్యాబ్‌లో ఇస్తే కందుకూరు పిల్లలు తెర మీది ఎద్దు గంటని నొక్కుతూనే ఉన్నారు, కథ వినట్లేదన్నారు కదా. నొక్కినప్పుడల్లా మోగితే ఎవరైనా నొక్కుతారు! చదివే గొంతు ఆగేదాకా బొమ్మలు పలకకుండా పెట్టండి. ఆ తర్వాత కూడా కథను నడిపేదే కదలాలి. బండలాగుడు పేజీలో పిల్లలు వేలితో లాగితేనే బండ జరగాలి. కాకి, మబ్బు, గడ్డివామి ఊరికే ఉండాలి. గంట ఎద్దు ఇంటికొచ్చే పేజీలో మోగితే చాలు.

నొక్కే చోటు ఆండ్రాయిడ్‌లో కనీసం 48 డీపీ (తెర మీది బొమ్మల సైజు కొలత), అంటే సుమారు 9 మిల్లీమీటర్లు ఉండాలంటారు. పసివేళ్లకు నేనైతే రెట్టింపు పెడతాను. పేజీ తిప్పే బాణం కింది అంచున మాత్రం వద్దు, ట్యాబ్ పట్టుకున్న చెయ్యి తగిలి పేజీ దాటిపోతుంది. పజిళ్లుంటే కథ అయ్యాకే.