శ్లోకం దొరకలేదు, ఇప్పుడేం చెప్పాలి? (పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ప్రశ్న: అన్నగారికి ప్రభువు పేరిట వందనాలు. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ఒక సభలో "సర్వపాప పరిహారో రక్తప్రోక్షణమవశ్యం" (అన్ని పాపాలు పోవాలంటే రక్తం చిలకరించడం తప్పనిసరి అని అర్థమట) అనే శ్లోకం విన్నాను, అది తాండ్య మహాబ్రాహ్మణం అనే వేదగ్రంథంలో ఉందన్నారు. దాన్ని లంచ్ టైమ్‌లో మా టీమ్‌లో ఒకతనికి చెప్పి, మీ వేదాల్లోనే యేసుప్రభువు గురించి ఉంది అన్నాను. అతని నాన్నగారు సంస్కృతం లెక్చరర్. తాండ్య మహాబ్రాహ్మణంలో ఏ అధ్యాయమో చెప్పు, నాన్నని అడుగుతా అన్నాడు. మా పాస్టర్‌గారిని అడిగాను, యూట్యూబ్‌లో వెతికాను, అధ్యాయం మాత్రం ఎవరూ చెప్పడం లేదు. రోజూ టెన్షన్‌గా ఉంది. అతని ముఖం ఎలా చూడాలి? (ఒక సోదరుడు, కూకట్‌పల్లి)

జవాబు: తమ్ముడూ, రేపే వెళ్లి చెప్పెయ్యి. "నువ్వు అడిగాక వెతికాను, దొరకలేదు. చూసుకోకుండా చెప్పాను, సారీ." అంతే. దానికి తోక తగిలించి "అయినా ఇంకో శ్లోకం ఉంది" అని మొదలుపెట్టకు.

ఈ శ్లోకం మన సభల్లో ఎన్నో ఏళ్లుగా తిరుగుతోంది. చెప్పేవాళ్లలో ఆ గ్రంథం తెరిచి చూసినవాళ్లు ఎంతమంది? ఎక్కడుందని అడిగితే గ్రంథం పేరు వస్తుంది, అధ్యాయం రాదు. నాసా కంప్యూటర్లు, సూర్యుడు ఆగాడని బైబిల్ చెప్పే యెహోషువ కాలంలో తప్పిపోయిన రోజును కనిపెట్టాయనే వాట్సాప్ మెసేజ్ కూడా ఇలాంటిదే, అది నిజం కాదు, అయినా ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు "ఆమేన్ అనేవాళ్లు షేర్ చేయండి" అంటూ మళ్లీ పంపుతూనే ఉంటారు. సత్యమే తానైన ప్రభువును చూపించడానికి అబద్ధం సాయం తీసుకుంటే ఎలా? వినేవాడు ఆ ఒక్కటి పట్టుకుంటాడు. శ్లోకమే ఇలా ఉంటే వీళ్ల పునరుత్థానం సంగతి ఎలా ఉంటుందో అనుకుంటాడు, అలా అనుకుంటే తప్పు అతనిది కాదు.

నిజంగా ఉన్న వేదవాక్యాలు చెప్పొచ్చు కదా, ప్రజాపతి బలి గురించి ఉంది కదా అని కొందరు రాస్తారు. ఉంది. కానీ ఆ గ్రంథాన్ని తరతరాలుగా చదువుకుంటున్నవాళ్లకు దాని అర్థం ఏమిటో వాళ్లని అడగకుండా మనమే చెప్పేస్తామా? యేసు శ్రమల గురించి అని మనం చదువుకునే యెషయా 53వ అధ్యాయాన్ని ఎవరైనా ముందూ వెనకా చదవకుండా లాక్కెళ్లి తమ మతానికి వాడుకుంటే మనకెంత మండుతుంది! పౌలు ఏథెన్సులో గ్రీకు కవుల మాట ఎత్తాడు, నిజమే. "మనమాయన సంతానము" అన్న మాట అరాటస్ కావ్యంలో ఉంది, ఇప్పటికీ వెళ్లి చూసుకోవచ్చు. ఆ అరాటస్ కిలికియవాడు, పౌలు పుట్టిన తార్సు కూడా కిలికియలోనే. తను ఎరిగిన కవి, నిజంగా రాసిన మాట, విన్నవాళ్లకూ తెలిసిన మాట. మన సభల్లో జరిగేది అది కాదు. అరువు సొమ్ములు బరువు చేటని మన పెద్దలు ఊరికే అనలేదు.

మరి లంచ్ దగ్గర ఏం మాట్లాడాలంటావా? నువ్వు నిలబడి చెప్పగలిగిందే చెప్పు. క్రీ.శ. 116 ప్రాంతంలో రాసిన రోమా చరిత్రకారుడు టాసిటస్, తిబెరి చక్రవర్తి కాలంలో పొంతి పిలాతు క్రీస్తుకు మరణశిక్ష వేయించాడని రాశాడు. అతనికి మనమంటే ఏ ప్రేమా లేదు, మన విశ్వాసాన్ని మూఢనమ్మకం అనే అన్నాడు, అందుకే ఆ సాక్ష్యానికి బరువు. ఆ పిలాతు పేరు చెక్కిన రాయి 1961లో కైసరయలో తవ్వకాల్లో బయటపడింది. మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ గురించి చెప్పేటప్పుడు మాత్రం జాగ్రత్త. క్రీస్తు అనబడిన యేసు సహోదరుడు యాకోబు అని అతను రాసిన మాటను పండితులు చాలావరకు ఒప్పుకుంటారు, కానీ యేసును మెస్సీయ అంటూ పొగిడే ఇంకో భాగంలో తర్వాతి క్రైస్తవుల చేతులు పడ్డాయని ఎక్కువమంది అభిప్రాయం. ఆ సంగతి నువ్వే ముందు చెప్పు.

ఇవన్నీ యేసు బతికాడనీ చనిపోయాడనీ చెబుతాయి, లేచాడని నిరూపించవు. లేచాడన్న సాక్ష్యం అపొస్తలులది. క్రీ.శ. 55 ప్రాంతంలో, అంటే సిలువ వేసిన పాతికేళ్లలోపే, పౌలు కొరింథు సంఘానికి రాస్తూ, లేచిన ప్రభువును చూసినవాళ్ల పేర్లు వరుసగా చెప్పి, అయిదు వందల మందికి పైగా చూశారు, వాళ్లలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారు అన్నాడు. వెళ్లి అడగండి అన్నట్టే కదా! మొదటి కొరింథీయుల పత్రిక పదిహేనో అధ్యాయం మొదటి ఎనిమిది వచనాలు బాగా చదువుకో. చూసుకోకుండా దేన్నీ చెప్పవని నీ స్నేహితుడికి తెలిసిన రోజున ఇది కూడా వింటాడు.

ప్రశ్న: అయ్యగారూ, నేను పెద్దగా చదువుకోలేదు. మా పక్కింటి వదినగారు మంచిది, ఏ సాయమైనా చేస్తుంది. వినాయక చవితికి ఉండ్రాళ్లు తెస్తే తీసుకోలేదని నొచ్చుకుంది. "మీ దేవుడు తెల్లవాళ్ల దేవుడు, మా పండగలు మీకు పనికిరావు" అంది. ఏం చెప్పాలో తెలియక లోపలికొచ్చేశాను. (ఒక సోదరి, చీరాల)

జవాబు: అమ్మా, ఆవిడ అడిగింది చరిత్ర కాదు. తను తెచ్చిన గిన్నె గుమ్మంలోంచే వెనక్కి వెళ్లింది, ఆవిడ బాధ అదీ. ముందు దానికి జవాబు చెప్పాలి. ఈసారి మీరే వాళ్లింటికి వెళ్లండి. "వదినా, ఆ రోజు మీరు ప్రేమతో తెచ్చారు, నేను సరిగ్గా చెప్పలేకపోయాను. పూజలో పెట్టింది మేము తినం, మా దేవుడికిచ్చిన మాట అది. మీ చేతి వంట తినననీ, మీ ఇల్లు మాకు వేరనీ కాదు" అని చెప్పండి. ఆవిడ పూజలో పెట్టనిది ఏది పెట్టినా అక్కడే కూర్చుని తినండి. అంగడిలో అమ్మేది ఏ ప్రశ్నా లేకుండా తినమని, ఇది నైవేద్యం పెట్టింది అని ఎవరైనా చెబితే మాత్రం తినొద్దని పౌలు కొరింథీయులకు రాశాడు. మీ సంఘంలో ఈ విషయంపై వేరే మాట ఉంటే కాపరితో మాట్లాడండి, కానీ వద్దని చెప్పే తీరు ఏ సంఘంలోనైనా ఒకటే ఉండాలి. ముఖం చిట్లించి, అదేదో ముట్టకూడని వస్తువైనట్టు చేతులు వెనక్కి లాక్కోవడం సాక్ష్యం కాదమ్మా.

తెల్లవాళ్ల దేవుడన్న మాట తర్వాతెప్పుడైనా వస్తే చెప్పండి. యేసుప్రభువు పుట్టిన బేత్లెహేము ఉన్నది ఆసియాలో. కేరళలో కొల్లం దగ్గర తరిసా చర్చికి వేణాడు పాలకుడు రాగిరేకుల మీద హక్కులు రాసిచ్చింది 849లో. అంటే వాస్కోడిగామా రావడానికి ఆరు వందల ఏళ్లకు పైగా ముందే ఈ దేశంలో క్రైస్తవులున్నారు.

మీకు దగ్గర్లోని ప్రకాశం వైపు సంగతే చూడండి. ఒంగోలు ప్రాంతంలో సువార్త అంతగా వ్యాపించిందంటే అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారి పేరు చెబుతారు, ఆయన కష్టపడ్డాడు, కాదనను. కానీ ఊరూరా ముందు నడిచినవాడు ఎర్రగుంట్ల పేరయ్య. తోళ్ల వ్యాపారం చేసుకునే మాదిగ మనిషి. 1866లో బాప్తిస్మం తీసుకుని తిరిగి వెళ్లి, తన బంధువులకు, తన వ్యాపారం నడిచే ఊళ్లలో తెలిసినవాళ్లకు తను విన్నది చెప్పుకుంటూ పోయాడు. దోర్నకల్ బిషప్ అజరయ్యగారు కొత్తగా బాప్తిస్మం తీసుకున్న ప్రతివాళ్ల చేతా తలమీద చెయ్యి పెట్టించి "సువార్తను ప్రకటింపకపోతే అయ్యో నాకు శ్రమ" అని చెప్పించేవారు. వాళ్లలో చాలామంది చదవడం రాని కూలివాళ్లే. మీకు పెద్ద చదువు లేదని ఆగిపోకండి. మీకు ప్రభువు ఏం చేశాడో అది మీకు తెలుసు. పెంచకుండా చెప్పండి. జ్వరం తగ్గితే జ్వరం తగ్గిందనండి, డాక్టర్లు చేతులెత్తేశారని కలపకండి.

ప్రశ్న: నా ఫ్రెండ్ కొడుకు ఈ మధ్య బైక్ యాక్సిడెంట్‌లో పోయాడు. మేమంతా ప్రార్థన చేశాం, బతకలేదు. "మీ దేవుడెక్కడున్నాడు?" అని అడుగుతోంది. (పేరు వద్దన్నారు, రాజమండ్రి)

జవాబు: చెల్లీ, ఇప్పుడు ఏ వాదనా వద్దు. దేవుడికి ఏదో ప్లాన్ ఉందని, మంచివాళ్లను ముందే తీసుకెళ్తాడని అసలే అనకు. యోబు స్నేహితులు ఏడు రోజులు నేలమీద కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదు, అంతవరకూ బాగానే చేశారు. "నాకూ తెలియదే" అని ఆమెతో కూర్చో. పెద్దకర్మ అయిపోయి చుట్టాలంతా వెళ్లిపోయాక మళ్లీ వెళ్లు, ఆ నెలంతా వెళ్తూ ఉండు, వంట చేసిపెట్టు. చనిపోయిన లాజరును కాసేపట్లో లేపబోతూ కూడా ప్రభువు ఏడ్చాడు. ఆమే మళ్లీ అడిగిన రోజున ఆ సంగతి చెప్పు.

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా, ఒడిశా సరిహద్దు. కరపత్రాలు పంచితే కేసు పెడతారా? (ఒక యువకుడు)

జవాబు: రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని నమ్మే, ఆచరించే, ప్రచారం చేసే హక్కు ఇచ్చింది, శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యానికి లోబడి. అయితే ప్రచారం చేసే హక్కు అంటే ఇంకొకరిని మతం మార్చే హక్కు కాదని 1977లో సుప్రీంకోర్టు స్టానిస్లాస్ కేసులో చెప్పింది. ఒడిశాలో 1967 నుంచే చట్టం ఉంది. బలవంతం, ప్రలోభం, మోసం ద్వారా మతం మార్చడం నేరం. అక్కడ డబ్బూ వస్తువులూ ఇచ్చిన చోట సువార్త మాట కలపకండి, సాయం చేస్తే సాయమే చేయండి. ఆంధ్రలో ఇతర మతాల ఆరాధనా స్థలాల్లో ప్రచారం చేయకూడదని 2007లోనే చట్టం వచ్చింది, కాబట్టి గుడి దగ్గర, తిరునాళ్లలో కరపత్రాలు వద్దు. చట్టం లేకపోయినా వద్దనే అంటాను. వాళ్లు దేవుడికి మొక్కుకోవడానికి వచ్చినచోట మనం వెళ్లి అడ్డుపడటం మర్యాద కాదు. ఒడిశా వైపు బాప్తిస్మం ఇచ్చే పని ఉంటే, ప్రస్తుతం ఏ రూల్స్ ఉన్నాయో, కలెక్టర్ ఆఫీసుకు ముందుగా ఏం తెలపాలో అక్కడి లాయర్‌ని అడిగి, మీ కాపరిని తీసుకునే వెళ్లండి.