ఇంట్లో గొడవ పెట్టిన సినిమాయే మంచి సినిమా

"ఈ మధ్య చూసిన సినిమాల్లో మీకు బాగా నచ్చినది ఏది, ఎందుకు?" అని అడిగారు. నటన, దర్శకత్వం, కెమెరా పనితనం గురించి చెప్పేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. నేను బియ్యం మిల్లులో లెక్కలు రాసే గుమస్తాను. నా కొలత ఒక్కటే. సినిమా చూశాక ఇంట్లో గొడవ జరిగిందా, లేదా? జరిగితే మంచి సినిమా. అందరూ "బాగుంది" అనుకుని దుప్పటి కప్పుకుంటే డబ్బు దండగ.

ఈ కొలతకు 2024 డిసెంబరులో వచ్చిన ‘పుష్ప 2’ నిలవలేదు. 3 గంటల 20 నిమిషాల సినిమా. టికెట్ల రేట్లు పెంచుకోమని ప్రభుత్వమే అనుమతి ఇచ్చిన రోజుల్లో అమ్మ, మా ఆవిడ, అబ్బాయి, నేను కలిసి వెళ్లాం. జాతర ఘట్టం వచ్చినప్పుడు హాలంతా ఊగిపోయింది. నేనూ ఊగాను, కాదనను. కానీ బయటికి వచ్చి ఆటో కోసం నిలబడితే నలుగురికీ మాట్లాడుకోవడానికి ఏమీ మిగలలేదు, "ఆకలేస్తోంది" తప్ప. ఆకలి ఎందుకంటే, విరామంలో నేను పాప్‌కార్న్ కొననివ్వలేదు. ఆ డబ్బా ధరకు మా మిల్లు బియ్యం అయిదు కిలోలు వస్తాయి.

ఆ శబ్దం సంగతి కూడా చెప్పాలి. అమ్మ చెవుల్లో దూది పెట్టుకుని కూర్చుంది. పోనీ ఇంట్లో ఓటీటీలో చూద్దామంటే అక్కడా అదే తంతు. ఫైటు వస్తే రిమోట్ పట్టుకుని తగ్గించాలి, మాటలు వస్తే పెంచాలి. తెలుగు గడ్డ మీద పుట్టి, తెలుగు సినిమాకు తెర కింద పరిగెత్తే ఇంగ్లీషు అక్షరాలు చదివి కథ తెలుసుకునే గతి పట్టింది. దీని మీద ఎవరూ ధర్నా చేయరెందుకో.

‘సంక్రాంతికి వస్తున్నాం’ కొంత నయం. అందులో ఓటీటీ చూసి బూతులు నేర్చుకునే బుల్లిరాజు అనే పిల్లవాణ్ని చూసి అమ్మ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. వారం తిరక్కుండా మావాడు అందులో ఒక మాటను మా బావగారు భోజనం చేస్తుండగా పెరుగు గిన్నె దగ్గర వాడాడు. చిన్న గొడవే. సగం మార్కులు వేస్తాను.

నాకు నచ్చిన సినిమా మాత్రం ‘35 చిన్న కథ కాదు’. 2024 సెప్టెంబరులో వచ్చింది, మేము దసరా సెలవుల్లో ఇంట్లో చూశాం. తిరుపతిలో ఉండే ఒక పిల్లవాడికి లెక్కలు ఎక్కవు. పది తప్పిన వాళ్ల అమ్మ వాడి కోసం మళ్లీ లెక్కల పుస్తకం పడుతుంది. ఆ 35 ఏమిటో పదో తరగతి గట్టెక్కిన ఎవరికీ చెప్పనక్కరలేదు. హిందీకి 20 వస్తే చాలన్న దయ లెక్కల దగ్గర ఉండేది కాదు.

నేను ఆ సినిమా పెట్టింది వినోదానికి కాదు. ఏడో తరగతి చదువుతున్న మావాడికి లెక్కల పరీక్షలో 25కి 9 వచ్చాయి. తిట్టి అలసిపోయి, సినిమా చూసైనా బుద్ధి తెచ్చుకుంటాడని కూర్చోబెట్టాను. పది నిమిషాలకు ఒకసారి "చూశావా? నాకు మీ వయసులో ఎనభైకి తగ్గేవి కావు" అంటూనే ఉన్నాను.

సినిమాలో ఆ పిల్లవాడి గొడవంతా సున్నాతో. సున్నాకు విలువే లేదంటున్నారు, మరి అది పక్కన చేరితే ఒకటి కాస్తా తొమ్మిదిని మించి పది ఎలా అవుతుందని. అక్కడ మావాడు రిమోట్ నొక్కి బొమ్మ ఆపేశాడు.

"ఎలా అవుతుంది నాన్నా?"

ఇరవై ఏళ్లుగా రోజుకు కొన్ని వందల సున్నాలు రాస్తున్నవాణ్ని. "అది స్థానం రా. ఒకట్ల స్థానం, పదుల స్థానం..." అన్నాను. "అంటే?" అన్నాడు. "అంటే స్థానమే" అన్నాను. తెర మీద బొమ్మ, మంచం మీద నేను, ఇద్దరం ఆగిపోయాం.

అప్పటిదాకా చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న అమ్మ పళ్లెం పక్కన పెట్టి లేచింది. బీరువా తలుపు కిర్రుమంది. పట్టుచీరల మడతల్లోంచి, కలరా ఉండల వాసనతో సహా, నా పదో తరగతి మార్కుల జాబితా బయటికి వచ్చింది. 1993. అది ఇంకా ఉందని నాకు తెలియదు. తెలిస్తే ఉండేది కాదు.

"చదవరా" అని మనవడి చేతికి ఇచ్చింది.

లెక్కలు 36. అంకెల్లో ఒకసారి, ఎవరికీ అనుమానం ఉండకూడదని అక్షరాల్లో మరోసారి.

"ఫలితాలు వచ్చిన రోజు మీ తాతయ్య పేపర్లో ఫస్టు క్లాసు నంబర్లు చూశారు, సెకండు క్లాసు చూశారు, ఇంకేముందని మడిచేయబోయారు. నేనే లాక్కుని థర్డు క్లాసులో వెతికాను. వీడి నంబరు చివరి వరసలో ఉంది" అంది అమ్మ, మళ్లీ చిక్కుడుకాయల ముందు కూర్చుంటూ.

మా ఆవిడ వంటింట్లోంచి గరిటెతో వచ్చింది. "పెళ్లిచూపుల్లో మా నాన్నగారికి చెప్పిన లెక్క వేరు కదండీ?"

ఇంతలో మావాడు వేళ్లు ముడుస్తూ ఏదో గొణుక్కుని, "నాన్నా, 25కి 9 అంటే వందకి 36! నీకూ నాకూ ఒకటే!" అని అరిచాడు. లెక్కలు రావన్నవాడు ఆ ఒక్క లెక్కను మాత్రం కాగితం లేకుండా కట్టాడు. ఆ రాత్రి నేను పెరుగన్నం ఒక్కణ్నే తిన్నాను. సినిమా రెండో సగం మరుసటి రోజు చూశాం.

ఆ సున్నా మాత్రం నన్ను వదల్లేదు. మూడో రోజు మిల్లులో కాటా దగ్గర బస్తాలు లెక్కపెడుతుంటే తట్టింది. పది బస్తాలు కాగానే ఒక లాటు కట్టి పక్కకు తోసేస్తాం. ఇవతల ఒక్క బస్తా కూడా మిగలదు. ఆ మిగలకపోవడాన్ని రాయడానికే సున్నా. విలువ దానిది కాదు, పక్కకు వెళ్లిన లాటుది. సాయంత్రం దాకా ఆగలేక మధ్యాహ్నమే భోజనానికి ఇంటికి వెళ్లాను.

వెళ్లేసరికి గుమ్మం దగ్గర అమ్మా మనవడూ చింతపిక్కలు పోసుకుని కూర్చున్నారు.

"నాలుగయితే ఒక పుంజీ. పుంజీ కట్టి అటు పెట్టేశాక నీ చేతిలో ఏముంది?" అంటోంది అమ్మ.

"ఏమీ లేదు."

"అదేరా మీ సున్నా."

"నాన్నా, నానమ్మ మొన్ననే చెప్పేసింది. ఇప్పుడు నాలుగుతో ఆడుతున్నాం" అన్నాడు వాడు, తల ఎత్తకుండానే.

తర్వాతి పరీక్షలో 25కి 14 వచ్చాయి. సినిమా వల్లనా, చింతపిక్కల వల్లనా అని అడిగితే సినిమా వల్లనే అంటాను, వాదించేవాళ్లు వాదించుకోవచ్చు. నా మార్కుల జాబితా మాత్రం బీరువాలోకి తిరిగి వెళ్లలేదు. ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద ఉంది. నేను తీసి దాస్తాను, మర్నాడు పాల కోసం వెళ్తే మళ్లీ అక్కడే ఉంటుంది. ఎవరు పెడుతున్నారో ముగ్గురూ చెప్పరు.