పాఠకుల ప్రశ్నలు: కారు కిందికి దిగేసరికి ఆఫీసు టైమైపోతోంది

ఆటోమేటిక్ పార్కింగ్ గురించి ఈ నెల వచ్చిన ప్రశ్నలన్నీ విశాఖపట్నం నుంచే. కాబట్టి జవాబులు ఒకేచోట ఇస్తున్నాం.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో కిందొకటి, పైన రెండు అంతస్తుల పజిల్ పార్కింగ్ (ఖాళీ గడిలోకి కార్లను పక్కకు జరిపి, పై కారును దించే యంత్రం) ఉంది. ఐదు వరసలు, 13 కార్లు. పొద్దున్న ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదింపావు దాకా గేటు దగ్గర క్యూ. పెద్ద మోటార్లు వేస్తే వేగం పెరుగుతుందని మెయింటెనెన్స్ వాళ్లు కొటేషన్ ఇచ్చారు. వేయించమంటారా?
– అసోసియేషన్ కార్యదర్శి, ఎంవీపీ కాలనీ

జవాబు: వద్దండీ. ముందు లెక్క చూడండి. ఈ తరహా యంత్రాల్లో ప్యాలెట్‌ను, అంటే కారు నిలబడే పళ్లేన్ని, ఎత్తి దించే వేగం సుమారుగా నిమిషానికి 5 మీటర్లు, పక్కకు జరిపే వేగం 8 మీటర్లు. పై అంతస్తు కారు దాదాపు 4 మీటర్లు దిగాలి, అంటే 48 సెకన్లు. దానికంటే ముందు కింది ప్యాలెట్లు ఒక గడి పక్కకు జరగడానికి 20 సెకన్లు. గేటు తెరుచుకుని, మనిషి లోపలికెళ్లి, కారు బయటికి తీసేసరికి ముప్పావు నిమిషం. ఖాళీ ప్యాలెట్ తిరిగి పైకెళ్లడానికి ఇంకో 48. అంతా కలిపి 2 నిమిషాల 40 సెకన్లు. మోటారు వేగం 20 శాతం పెంచినా ఒక్కో కారుకు కలిసొచ్చేది 20 సెకన్ల లోపే. ఆ కాస్త కోసం గొలుసులు, బ్రేకులు, గేర్‌బాక్స్ మీద భారం పెంచుకోవడం మాకైతే దండగ ఖర్చుగానే కనిపిస్తోంది.

అసలు సమయం కలిసొచ్చేది ఎవరి కారు ఎక్కడ పెట్టారన్న దాంట్లో. కింది వరస కారుకు యంత్రం కదలక్కర్లేదు, నేరుగా బయటికొస్తుంది. మీ 13 చోట్లలో కింద నాలుగు, మధ్య నాలుగు, పైన ఐదు. రద్దీ వేళ బయల్దేరే పై అంతస్తు కార్లలో నాలుగింటిని కిందికి మార్చి, పది దాటాక కదిలేవాటిని పైకి పంపితే ఆ ముప్పావుగంటలో ఏడున్నర నిమిషాలకు పైగా మిగులుతుంది, పైసా ఖర్చు లేకుండా. ఒక వారం పాటు ఏ కారు ఎన్నింటికి కదులుతోందో వాచ్‌మన్‌తో పుస్తకంలో రాయించండి. రిటైరైన వారి కారు కింద, డ్యూటీకి పరిగెత్తే వారి కారు పైన ఉన్న అపార్ట్‌మెంట్లే ఎక్కువ. అగ్రిమెంట్‌లో ప్యాలెట్ నంబరు రాసి ఉంటే, మార్పిడికి ఇద్దరి సంతకాలూ తీసుకోండి. తర్వాత మాట పట్టింపులు రావు.

ఒక చిక్కుంది. పై అంతస్తుల్లో ఎత్తు తక్కువ. చాలా యంత్రాల్లో 1,550 మిల్లీమీటర్ల ప్రాంతమే ఉంటుంది కాబట్టి ఎస్‌యూవీలు కిందే ఉండాలి. కింది నాలుగూ వాటితోనే నిండిపోతే, తొందరగా వెళ్లే సెడాన్లను పైన కాకుండా మధ్య అంతస్తులో పెట్టండి. దిగాల్సిన దూరం దాదాపు సగమే. ఏ ప్యాలెట్‌కు మార్చినా దాని మీద రాసిన బరువు, ఎత్తు, పొడవు హద్దులు చూసుకునే మార్చాలి.

ఇంకో కిటుకు. పైనుంచి ఒక కారు దిగి గేటు తెరుచుకున్నప్పుడే, కింది వరసలో వెళ్లాల్సిన కార్లు కూడా వెంటవెంటనే వెళ్లిపోవాలి. గేటు తెరిచి ఉన్నంతసేపూ యంత్రం ఎలాగూ కదలదు, ఆగే సమయం ఒక్కసారికే పోతుంది. అలాగే ఎనిమిదింపావుకే మొదటి పై అంతస్తు కారును దించి ఉంచమనండి.

కారును పిలిచే కార్డు తాకించి, టిఫిన్ బాక్సు మర్చిపోయానంటూ లిఫ్టెక్కి పైకెళ్లే పెద్దమనుషులు ప్రతి బ్లాకులోనూ ఉంటారు. దిగిన కారు అక్కడే ఉండిపోతే వెనకున్న పై అంతస్తుల వాళ్లంతా ఆగాల్సిందే. గేటు దగ్గరికి వచ్చాకే కార్డు తాకించాలన్న నియమం ఒక్కటి పెట్టి చూడండి, క్యూ సగం తగ్గినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

ప్రశ్న: మా కాంప్లెక్స్‌లో 60 కార్ల టవర్ పార్కింగ్ ఉంది. రాత్రి ఎనిమిదిన్నరకు షాపులు మూసే వేళ అందరూ ఒకేసారి కారు అడుగుతారు. సాఫ్ట్‌వేర్ మారిస్తే బాగుపడుతుందా?
– మేనేజరు, ద్వారకానగర్

జవాబు: కొంతవరకే. కార్లను లిఫ్టుతో మోసుకెళ్లి ఒకదానిపై ఒకటి ఉన్న అరల్లో పెట్టే ఈ టవర్‌కు లిఫ్టు ఒక్కటే. ఒక్కో కారుకు 2 నిమిషాలనుకుంటే గంటకు 30 కార్లు. అరవై మందీ ఒకేసారి అడిగితే ఆఖరివాడికి రెండు గంటలు. ఈ లెక్కను ఏ సాఫ్ట్‌వేరూ మార్చలేదు, ఆ 2 నిమిషాలను తగ్గించుకోవడమే మన చేతిలో ఉంది.

పార్కింగ్ రుసుము కారు దిగాక కాదు, పిలవక ముందే వసూలు చేయండి. నిష్క్రమణ ద్వారం దగ్గర చిల్లర వెతుక్కునే అర నిమిషం కూడా లిఫ్టు ఖాళీగా ఉన్నట్టే లెక్క. కారును వెనక్కి తిప్పే టర్న్‌టేబుల్ ఉంటే, ఆ తిప్పడం కారు లోపలికి వెళ్లేటప్పుడే పూర్తవ్వాలి. అప్పుడు ఎదురుచూసే మనిషి ఉండడు. ఒక కారు పెట్టడానికి పైకెళ్లిన లిఫ్టు ఉత్త చేతులతో కిందికి రాకుండా, అడిగిన కారును పట్టుకొచ్చేలా ఆదేశాలు జతపడుతున్నాయో లేదో కంపెనీ వాళ్లను అడగండి. కొన్ని యంత్రాల్లో ఈ సౌకర్యం ఉండి కూడా ఆఫ్‌లో ఉంటుంది. అయితే మూసే వేళ లోపలికొచ్చే కార్లు తక్కువ కాబట్టి దీని ఫలితం సాయంత్రం ఆరు, ఏడు మధ్యే కనిపిస్తుంది.

షాపుల సిబ్బంది కార్లు పై అరల్లో, కొనుగోలుదారులవి కింది అరల్లో ఉండాలి. నిమిషానికి 60 మీటర్లు కదిలే లిఫ్టుకు 30 మీటర్ల ఎత్తు తేడా అంటే ఒక్కో వైపు అర నిమిషం.

ప్రశ్న: సముద్రానికి దగ్గర్లో ఉంటాం. మా పజిల్ పార్కింగ్ వారానికి రెండుసార్లైనా మధ్యలో ఆగిపోతుంది. కారణం ఏమై ఉంటుంది?
– లాసన్స్ బే కాలనీ

జవాబు: ఉప్పుగాలి మొదట దెబ్బతీసేది చిన్న భాగాలనే. పైనున్న ప్యాలెట్ జారిపోకుండా పట్టి ఉంచే కొక్కేలు చూడండి. దించే ముందు యంత్రం ప్యాలెట్‌ను కాస్త పైకి లేపుతుంది, సోలినాయిడ్ (కరెంటు అందగానే లాగే అయస్కాంతం) కొక్కేన్ని వెనక్కి లాగుతుంది, లాగినట్టు స్విచ్ నుంచి సంకేతం అందితేనే దించుతుంది. పిన్ను తుప్పు పట్టి కొక్కెం బిగుసుకుంటే ఆ సంకేతం రాదు, యంత్రం ఆగిపోతుంది. తుప్పు గీకి పల్చగా గ్రీజు రాయించండి. పాత ఇంజన్ ఆయిల్ పొయ్యొద్దు, దుమ్ము పేరుకుంటుంది. స్విచ్‌ను వైరుతో కలిపేసి నడిపించే మెకానిక్‌ను మాత్రం గేటు బయటే ఆపండి. ఆ కొక్కెమే పై కారుకూ కింది మనిషికీ మధ్య ఉన్న రక్షణ.

తర్వాత ఫోటో సెన్సర్లు. ఒకటి పంపే కాంతిని ఎదుటి రిసీవర్ అందుకుంటుంది, మధ్యలో తెగితే యంత్రం ఆగుతుంది. అద్దాల మీద ఉప్పు పొర కడితే ఏదో అడ్డొచ్చిందనుకుని యంత్రం ఆగుతుంది. వారానికోసారి తడిపి పిండిన మెత్తటి గుడ్డతో, ఆ వెంటనే పొడిగుడ్డతో తుడవాలి. ఎండ కాసిన పొద్దుల్లోనే, అదీ ఒకే వేళలో ఆగుతుంటే తూర్పు ఎండను అనుమానించండి. మన దగ్గర సూర్యుడు సముద్రం మీంచి ఏటవాలుగా నేరుగా రిసీవర్‌లోకి కొడతాడు. పంపే సెన్సరునూ అందుకునే సెన్సరునూ అటూ ఇటూ మార్పిస్తే, లేదా చిన్న గొడుగు తొడిగిస్తే సరిపోతుంది.

గొలుసు సాగుదల కూడా కొలిపించండి. 25.4 మిల్లీమీటర్ల పిచ్ (పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం) ఉన్న గొలుసు బిగువుగా ఉన్నప్పుడు 20 లింకులు 508 మిల్లీమీటర్లుండాలి. 518 దాటితే 2 శాతం సాగినట్టు, మార్పిడికి ఏర్పాట్లు మొదలుపెట్టండి. మాన్యువల్‌లో ఇంతకంటే తక్కువ హద్దు ఉంటే అదే పాటించాలి. ఆగిన ప్రతిసారీ తెరమీది ఫాల్ట్ కోడ్, సమయం, ప్యాలెట్ నంబరు రాసిపెట్టండి. ఒకే ప్యాలెట్ మళ్లీ మళ్లీ వస్తే జబ్బు అక్కడే.

ప్రశ్న: కరెంటు పోయి జనరేటర్ వేసినప్పుడల్లా పార్కింగ్ యంత్రం పనిచేయదు. మిగతావన్నీ వెలుగుతాయి. ఎందుకని?
– సీతమ్మధార

జవాబు: ఎక్కువగా ఫేజుల వరుస తేడా. లైన్ నుంచి వచ్చే మూడు ఫేజుల వరుసకూ జనరేటర్ వరుసకూ పొంతన లేకపోతే ఫేజ్ రిలే యంత్రాన్ని ఆపేస్తుంది. ఆపకపోతే మోటారు ఎదురు తిరిగి, ఎత్తమంటే దించుతుంది. రిలేను తప్పించొద్దు. ఎలక్ట్రీషియన్‌తో, లైన్ నుంచి జనరేటర్‌కు మార్చే ఛేంజోవర్ స్విచ్ దగ్గర జనరేటర్ వైపున్న రెండు ఫేజుల వైర్లు అటూ ఇటూ మార్పించండి. అదే లైన్ మీద నీళ్ల మోటారు, లిఫ్టు ఉంటే అవీ సరైన వైపు తిరుగుతున్నాయో లేదో అప్పుడే చూసుకోండి. పీఎల్‌సీకి (యంత్రాన్ని నడిపించే చిన్న కంప్యూటర్‌కు), సెన్సర్ల 24 వోల్టుల సరఫరాకు మాత్రం చిన్న యూపీఎస్ పెట్టించండి. ఛేంజోవర్ జరిగే ఆ కొద్ది సెకన్లలో పీఎల్‌సీ ఆరిపోకుండా ఉంటే, మళ్లీ రీసెట్ చేసే పని చాలావరకు తప్పుతుంది. మోటార్లను ఆ యూపీఎస్‌కు కలపకూడదు.