ఊళ్లో ఉంటున్నాం, ట్యాక్స్ కడుతున్నాం, మరి ఓటు?

ప్రశ్న: పన్నెండేళ్లుగా న్యూజెర్సీలో ఉంటున్నాం. నాది హెచ్‌వన్‌బీ, గ్రీన్‌కార్డ్ క్యూలో ఉన్నాను. ఇల్లు కొన్నాం, ప్రాపర్టీ ట్యాక్స్ కడుతున్నాం, పిల్లలిద్దరూ పబ్లిక్ స్కూల్లోనే. స్కూల్ బోర్డ్ ఎలక్షన్లో మాత్రం మాకు ఓటు లేదు. ఈ మాటంటే సిటిజన్ అయిన మా బావగారు "ముందు సిటిజన్‌షిప్ తెచ్చుకో, తర్వాత అడుగు" అంటారు. ఎవరిది రైట్?
- ఒక పాఠకుడు, ఎడిసన్

జవాబు: ప్రెసిడెంట్ ఎన్నిక గురించైతే మీ బావగారితో నేనూ ఒప్పుకుంటానండి, దేశం ఎటు పోవాలో ఆ దేశ పౌరులే తేల్చుకోవాలి. కానీ స్కూల్ బోర్డ్ సంగతి వేరు కదా, అక్కడ తేలేది మీ పిల్లల క్లాసులో ఎంతమంది ఉండాలి, బస్సు ఏ రూట్లో రావాలి, మీరు కట్టిన ట్యాక్స్ దేనికి ఖర్చు పెట్టాలి అన్నవి. పైగా సిటిజన్‌షిప్ తెచ్చుకోవడం మీ చేతిలో ఉందా? గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి ఏడు శాతం అని లిమిట్ పెట్టారు, మన క్యూ కదలదు, కార్డు వచ్చాక మళ్లీ మామూలుగా ఐదేళ్లు ఆగాలి, ఈలోపు పిల్లల స్కూలు చదువే అయిపోతుంది. మీ పక్కనే నెవార్క్‌లో 2025 నుంచి పదహారేళ్ల పిల్లలకి కూడా స్కూల్ బోర్డ్ ఓటు ఇచ్చారు, అంటే అక్కడే పుట్టిన పిల్లాడు ఓటేసి వస్తాడు, వాణ్ని కార్లో దింపిన తండ్రికి ఓటు లేదు, ఇది సరైన పద్ధతని నాకైతే అనిపించట్లేదు.

ఇది అమెరికాకి కొత్తేమీ కాదు. న్యూయార్క్ సిటీలో 1969 నుంచి 2002 దాకా సిటిజన్ కాని తల్లిదండ్రులు కూడా స్కూల్ బోర్డులకి ఓటేశారు. మేరీల్యాండ్‌లో టకోమా పార్క్ అనే చిన్న ఊళ్లో 1990ల నుంచీ వేస్తున్నారు. న్యూయార్క్ కౌన్సిల్ 2021లో గ్రీన్‌కార్డ్, వర్క్ పర్మిట్ ఉన్న దాదాపు 8 లక్షల మందికి సిటీ ఎన్నికల్లో ఓటిస్తూ చట్టం చేసింది, కానీ రాష్ట్ర రాజ్యాంగంలో ఓటరంటే సిటిజనే అని 2025 మార్చిలో అక్కడి పెద్ద కోర్టు కొట్టేసింది.

అడగడం మీ హక్కు, అడగండి, బోర్డ్ మీటింగుకెళ్లి మాట్లాడటానికి ఓటుతో పని లేదు. కానీ చట్టం మారేదాకా ఓటు జోలికి మాత్రం వెళ్లకండి. డ్రైవింగ్ లైసెన్స్ రెన్యువల్‌కి వెళ్లినప్పుడు స్క్రీన్ మీద ఓటర్ రిజిస్ట్రేషన్ ప్రశ్న వస్తుంది, తొందరలో సిటిజన్ అని టిక్ కొట్టారో అది గ్రీన్‌కార్డుకే ఎసరు. రేపు సిటిజన్‌షిప్ ఫారంలో కూడా "ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా, ఓటేశారా" అని అడుగుతారు.

ప్రశ్న: మా అబ్బాయి కోవెంట్రీలో ఎంఎస్ చేస్తున్నాడు. ఓటు నమోదు చేసుకోమని కౌన్సిల్ నుంచి లెటరొచ్చిందట. స్టూడెంట్ వీసా మీద ఓటేస్తే పంపించేస్తారని ఫ్రెండ్స్ భయపెడుతున్నారు.
- ఒక తల్లి, వరంగల్

జవాబు: భయం వద్దమ్మా, ఆ ఫ్రెండ్స్ అమెరికా రూల్ చెప్తున్నారు. బ్రిటన్లో మన ఇండియా లాంటి కామన్వెల్త్ దేశాల వాళ్లకి, వీసా చెల్లుబాటులో ఉండి అక్కడ నివాసం ఉంటే చాలు, ఓటుంది, కౌన్సిల్‌కే కాదు పార్లమెంటుకి కూడా. స్టూడెంట్ వీసా అయినా పర్లేదు. ఫారంలో ఇండియన్ అనే రాయమనండి, అది ముఖ్యం. పోలింగ్ రోజు ఫోటో ఐడీ చూపించాలి, మన పాస్‌పోర్ట్ చెల్లుతుంది. చెత్త ఎప్పుడు తీసుకెళ్తారు, అద్దె ఇళ్ల మీద తనిఖీ ఉంటుందా లేదా, ఇవన్నీ ఆ కౌన్సిల్ చూసేవే, ఒక రూంలో ముగ్గురు సర్దుకుంటున్న మన పిల్లలకి అవి పట్టనివి కాదు కదా, తప్పకుండా వేయమనండి. డబ్లిన్లో చుట్టాలుంటే వాళ్లకీ చెప్పండి, ఐర్లాండ్‌లో లోకల్ ఎలక్షన్లకి ఏ దేశస్తుడైనా అక్కడ నివాసం ఉంటే ఓటెయ్యొచ్చు, పోటీ కూడా చెయ్యొచ్చు.

ప్రశ్న: మన పంచాయతీల్లో విదేశీయులకి ఓటిస్తామా? ఇవ్వనప్పుడు అక్కడ మనవాళ్లకి ఇవ్వమని ఎలా అడుగుతాం?
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: న్యాయమైన ప్రశ్న. మన పంచాయతీ ఓటర్ల లిస్టు అసెంబ్లీ లిస్టులోంచే వస్తుంది, కాబట్టి పౌరులకి తప్ప ఎవరికీ ఓటు లేదు. కానీ మైసూరు దగ్గర బైలకుప్పె చూడండి, 1960ల మొదట్లో వచ్చిన టిబెటన్లు అక్కడే స్థిరపడిపోయారు. 1950 జనవరి 26 నుంచి 1987 జూలై 1 లోపు ఇండియాలో పుట్టిన టిబెటన్లు పుట్టుకతోనే పౌరులు కాబట్టి వాళ్లని ఓటర్లుగా చేర్చుకోమని 2014లో ఎలక్షన్ కమిషన్ చెప్పింది. మరి ఆ తేదీల బయట పడి పౌరసత్వం లేని వాళ్లు? ఊరు అదే, బజారు అదే, తాగే నీళ్లూ అవే. కాగితాలు సక్రమంగా ఉండి కొన్నేళ్లుగా ఒకేచోట ఉంటున్న వాళ్లకి, స్వీడన్‌లో మూడేళ్లని పెట్టుకున్నట్టు మనమూ ఓ గడువు పెట్టుకుని, ఆ ఊరి పంచాయతీ వరకు ఓటివ్వాలనే నేనంటాను. అసెంబ్లీకి, పార్లమెంటుకి వద్దు. ఎడిసన్లో మనవాళ్ల కోసం నేను అడిగేది కూడా ఇంతే.