సిటీ బస్సులు ఉచితం చేస్తే పేదలకు న్యాయం జరిగి, పొగ కూడా తగ్గుతుందా?

రెండూ జరగవు. టికెట్ ఎత్తేయడానికి ఒక సంతకం చాలు. బస్సు టైముకు నడపాలంటే డ్రైవర్లు కావాలి, మెకానిక్కులు కావాలి, ఏటా బడ్జెట్ కావాలి. అందుకే నాయకులకు మొదటిదే ముద్దు.

నేను చాలాకాలం నైట్ షిఫ్టులు చేశాను. తెల్లవారుజామున స్టాపులో నాతోపాటు ఉండేది ఆఫీసులు ఊడ్చే ఆడవాళ్లే. ఒకరోజు మొదటి బస్సు రాలేదు. ఎందుకు రాలేదో చెప్పే నాథుడు లేడు. ఒకావిడ ఫోన్లో సూపర్‌వైజర్‌తో "బస్సెక్కేశా సార్, దారిలో ఉన్నా" అంటూనే రోడ్డు చివరికి మెడ చాచి చూస్తోంది. ఫోన్ పెట్టేసి, "లేటైతే సగం రోజు కూలి కోసేస్తాడు" అంది పక్కావిడతో. చివరికి నలుగురు కలిసి ఆటో మాట్లాడుకున్నారు. ఆవిడ దగ్గర బస్ పాస్ ఉంది. అంటే ఆ పూట ఆవిడకు టికెట్ ఖర్చు ఎలాగూ లేదు! లేనిదల్లా బస్సే.

ఆ స్టాపులో కూర్చోడానికి బల్ల కూడా లేదు. ప్రకటనల బోర్డుకు మాత్రం రాత్రంతా లైట్లు.

ఇక పొగ సంగతి. ఎస్టోనియా రాజధాని టాలిన్ 2013లోనే తన నివాసులకు ఉచిత ప్రయాణం ఇచ్చింది. జనం పెరిగారు, కానీ వాళ్లలో చాలామంది అంతకుముందు నడిచి వెళ్లేవాళ్లే. కార్లు పెద్దగా తగ్గలేదు. తగ్గుతాయా మరి? కారున్నవాడికి టికెట్ డబ్బు ఒక లెక్కా? పక్కన బస్సు తనను దాటుకుని దూసుకుపోతుంటే అప్పుడు కారు వదులుతాడు. బ్రెజిల్‌లోని కురిచీబా 1974లోనే బస్సులకు ప్రత్యేక దారి వేసింది. కొలంబియాలోని మెడెయిన్ 2004లో కొండమీది పేదల కాలనీలకు కేబుల్ కారు వేసి మెట్రోకు కలిపింది. లండన్ 2003 నుంచి నగరం నడిబొడ్డుకు వచ్చే కార్ల దగ్గర రుసుము వసూలు చేస్తోంది. ఖర్చులు పోను మిగిలే ఆ డబ్బు రవాణాకే వాడాలని అక్కడి చట్టం. నాకు నచ్చింది ఇదే, రోడ్డు ఇరుకు చేసేవాడే కట్టాలి.

కొత్త ఎలక్ట్రిక్ బస్సుల ముందు ఫొటోలు దిగే హడావుడి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నిండుగా వెళ్లే పాత డీజిల్ బస్సైనా, ఒక్కొక్కరే కూర్చున్న పెట్రోల్ కార్ల బారు కంటే నయమే కదా.

ఉచితం వద్దనను. కానీ ముందు తెల్లవారుజామున, రాత్రి పొద్దుపోయాక తిరిగే బస్సులు పెంచి, బస్సు రద్దయితే ఆ సంగతి స్టాపులో తెలిసేలా చేయండి. డబ్బు మిగిలితే అప్పుడు టికెట్ సంగతి చూద్దాం.