రాత్రికి సామాను లారీలోనే ఉంటుందంటే ప్యాకర్స్ వాళ్ళని ఏం అడగాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. సాయంత్రానికి పాత ఇల్లు ఖాళీ చేసి తాళాలు ఇచ్చేయాలి, కొత్త ఇంటి తాళాలు మర్నాడు పొద్దున గానీ మీ చేతికి రావు. ఆ ఒక్క రాత్రి సామాను తమ దగ్గరే ఉంచుతామని ప్యాకర్స్ వాళ్ళు అంటున్నారు. ఒప్పుకోవచ్చా, ఒప్పుకుంటే ముందుగా ఏమేం అడగాలి అని.

ఒప్పుకోవచ్చండి. నేను రెండుసార్లు ఒప్పుకున్నాను. మొదటిసారి ఏమీ అడగకుండా, రెండోసారి అవతలి మనిషి విసుక్కునేదాకా అడిగి.

మొదటిసారి నేనడిగింది ఒక్కటే: "రాత్రంతా సామాను భద్రంగా ఉంటుంది కదండీ?" సూపర్‌వైజర్ నవ్వి, "టెన్షన్ పడకండి మేడమ్, మా యార్డులోనే ఉంటుంది" అన్నాడు. ఇంకేం కావాలి, పిల్లల్ని తీసుకుని మా చెల్లెలి ఇంటికి వెళ్ళి హాయిగా పడుకున్నాం. పొద్దున కొత్త ఇంటి ముందు ఆగిన లారీ నిన్నటిది కాదు. రంగే వేరు, డ్రైవరూ వేరు. ఇదేమిటని అడిగితే, నిన్నటి బండికి తెల్లవారుజామున ఇంకో ట్రిప్పు పడిందట, అందుకని రాత్రి పదకొండింటికి మా సామానంతా దించి ఇందులోకి ఎక్కించారట. ఆ మాట అతను చాలా మామూలుగా చెప్పాడు. వాళ్ళకది మామూలే మరి.

సాయంత్రం నేను పక్కనే నిలబడి "అది అద్దం, చూసి పెట్టండి బాబూ" అంటూ ఉంటే మూడు గంటలు పట్టిన లోడింగు, అర్ధరాత్రి ఎవరు ఎంతసేపట్లో ముగించారో తెలియదు. డ్రెస్సింగ్ టేబుల్ కాలు విరిగింది. గాజు సామాను పెట్టె మీద పుస్తకాల పెట్టె ఎక్కి కూర్చుంది. పరుపు ఒక మూల తడిసింది. చిన్న అట్టపెట్టె ఒకటి అసలు రానేలేదు. అందులో ఖరీదైనవేమీ లేవు, మంచాల నట్లూ బోల్టులూ, టీవీ రిమోటూ. కానీ ఆ నట్లు దొరక్క వారం రోజులు అందరం నేల మీదే పడుకున్నాం. అప్పటినుంచి ఇల్లు మారినా, ఒట్టి గది మారినా, నట్లు నా హ్యాండ్‌బ్యాగులోనే వస్తాయి. ఎంత బరువైనా సరే.

అందుకే నేను చెప్పేది, "భద్రంగా ఉంటుందా" అని అడగకండి. ఉండదని చెప్పే వ్యాపారి ఎక్కడా ఉండడు. ఇలా అడగండి: "ఇప్పుడు ఎక్కించాక, రేపు మా ఇంటి దగ్గర దించేలోగా, మా సామాను మీద ఎవరైనా చెయ్యి వేస్తారా?" అంటే, ఎక్కించిన బండిలోనే తాళం వేసి ఉంచుతారా, గోడౌన్‌లో దించుతారా, వేరే బండిలోకి మారుస్తారా. ఈ ఒక్క దానికి జవాబు వస్తే మిగతా సగం ప్రశ్నలు వాటంతటవే తేలిపోతాయి. ఎక్కించి దించే ప్రతిసారీ ఏదో ఒకటి తగలడానికో, తప్పిపోవడానికో అవకాశం ఉంటుంది. మధ్యలో ఒకసారి దించితే ఆ పని రెట్టింపైనట్టే. ఒక్క రాత్రికైతే బండిలోనే ఉంచమంటాను నేను. నాలుగైదు రోజులైతే సంగతి వేరు, అప్పుడు మంచి గోడౌనే నయం.

బండిలోనే ఉంచుతామంటే వెంటనే అడగాల్సింది, తెల్లవారేలోగా ఆ బండికి ఇంకో పని ఉందా అని. రెండోసారి నేనీ మాట అడిగితే ఫోన్లో అవతలి మనిషి కాసేపు మాట్లాడలేదు. "చూసి చెప్తాను మేడమ్" అని పెట్టేశాడు. అరగంట తర్వాత మళ్ళీ చేసి, వేరే బండి పంపుతాను, దానికి రేపు మధ్యాహ్నం దాకా ఏ ట్రిప్పూ లేదు అన్నాడు. అడగకపోయి ఉంటే మళ్ళీ పాత కథే అయ్యేదన్నమాట. అలాగే ఆ బండి మీ ఒక్కరిదేనా, ఇంకెవరిదైనా సామాను కూడా కలిపి వేస్తారా అన్నది కూడా తేల్చుకోండి. కలిపి వేస్తే వాళ్ళవి దించినప్పుడల్లా తలుపు తెరుచుకుంటుంది, మీవి పక్కకి జరుగుతాయి. ధర తక్కువ చెప్పారంటే కారణం ఒక్కోసారి ఇదే.

తర్వాత, బండి ఎక్కడ ఆపుతారు. "మా యార్డు" అన్న మాట విని ఊరుకోకండి, అడ్రసు అడగండి. మొదటిసారి మాకు చెప్పిన యార్డు ఏమిటో తర్వాత తెలిసింది. రోడ్డు వారగా ఓ ఖాళీ స్థలం, గేటు కూడా లేదు. గేటుకి రాత్రి తాళం వేస్తారా, కాపలా మనిషి తెల్లవార్లూ ఉంటాడా, దీపాలున్నాయా, కెమెరాలుంటే అవి బండి తలుపు వైపు చూస్తున్నాయా లేక ఆఫీసు గుమ్మం వైపా? రెండోసారి మావారు లారీ వెనకే బండి మీద వెళ్ళి చూసి వచ్చారు. అక్కడి డ్రైవరు లారీని వెనక్కి పోనిచ్చి, తలుపులు గోడకి దాదాపు ఆనేలా ఆపాడట. అలా ఆపితే బండి ముందుకి కదిలిస్తే తప్ప తలుపు తెరవడం కుదరదు. ఎవరూ చెప్పకుండానే ఆ పని చేశాడంటే అతనికి తన పని తెలుసు అని మాకు ధైర్యం వచ్చింది. మీ డ్రైవరుకి మీరే చెప్పండి, తప్పేం లేదు.

తాళం ఎవరిది అన్నది ఇంకోటి. మన తాళం మనం వేసుకుంటామంటే కొందరు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు. ఒప్పుకోకపోతే అనుమానపడనక్కర్లేదు, ఏదైనా జరిగితే బండి తెరవాల్సి రావచ్చని వాళ్ళ భయం. అప్పుడు నంబరున్న ప్లాస్టిక్ సీలు వేయమనండి. ఒకసారి లాగి బిగిస్తే తెంపితే తప్ప ఊడదు. ఆ నంబరుని ఫోటో తీసుకోండి, పొద్దున తలుపు తెరవకముందు మళ్ళీ చూడండి. సీలు దొంగని ఆపలేదు. రాత్రి తలుపు తెరిచారా లేదా అన్నది మాత్రం చెప్పేస్తుంది.

ఖాళీ బండి ఇంటి ముందుకి రాగానే ఒక చిన్న పని చేయండి. లోపలికి ఎక్కి, తలుపులు బయటినుంచి వేయించి, చీకట్లో పైకప్పు వైపు, మూలల వైపు చూడండి. ఎక్కడైనా సన్నగా వెలుతురు కనబడితే అక్కడినుంచి వాన నీళ్ళూ వస్తాయి. డ్రైవరు వింతగా చూస్తాడు, చూడనివ్వండి. నేల తడిగా ఉందా, నూనె మరకలున్నాయా, ఏదైనా వాసన వస్తోందా అన్నది కూడా అప్పుడే తెలిసిపోతుంది. దీనికి ముందు అందులో ఏం మోశారో అడగండి. ఓ గంట ప్రయాణమైతే పర్వాలేదు గానీ, రాత్రంతా తలుపులు మూసి ఉంచితే పరుపులకీ సోఫాలకీ ఆ వాసన పట్టేసి ఒక పట్టాన వదలదు. పైన కప్పు లేకుండా పట్టా కప్పే బండి అయితే రాత్రికి వద్దనే అంటాను.

మా పరుపు తడిసింది మాత్రం వాన వల్ల కాదు, ఆ రాత్రి చినుకు పడలేదు. ఫ్రిజ్ మేం ఆ పొద్దునే ఆపాం. లోపలి మంచు మెల్లగా కరిగి రాత్రంతా కారింది, కొత్తగా సర్దినవాళ్ళు పరుపు తెచ్చి దాని పక్కనే ఆనించారు. ఇందులో సగం తప్పు మాదే, ఒప్పుకోవాలి. ఫ్రిజ్ ముందురోజే ఆపి, నీళ్ళు వంపేసి, పొడిగా తుడిచి పంపాలి. వాషింగ్ మిషను పైపులో నిలిచిన నీళ్ళు కూడా అంతే. మూసిన రేకు బండిలో తడి ఏ కాస్త ఉన్నా, రాత్రి చల్లబడేసరికి ఆ తేమ పైరేకుకి పట్టి చుక్కలు చుక్కలుగా కిందకి రాలుతుంది. ఇంకో మాట, ఫ్రిజ్ నిలబెట్టే ఉంచుతారా అని అడగండి. పడుకోబెట్టి తెస్తే దింపగానే ఆన్ చేయకూడదు. కంప్రెసర్‌లోని ఆయిల్ మళ్ళీ కిందకి దిగేదాకా కొన్ని గంటలు నిలబెట్టి ఉంచాలి.

ఇప్పుడు బీమా. నాకు అన్నిటికన్నా ఎక్కువ మంట పుట్టించింది ఇదే. బిల్లులో బీమాకని విడిగా డబ్బు కట్టాం కాబట్టి ధీమాగా ఉన్నాం. తీరా అడిగితే, అది ప్రయాణంలో జరిగే నష్టానికి మాత్రమేనండీ, యార్డులో దించి ఎక్కించేటప్పుడు జరిగింది దాని కిందకి రాదు అన్నారు. కాగితం తీసి చూస్తే నిజమే, చిన్న అక్షరాల్లో అలాగే ఉంది. కాబట్టి బండి కదలకుండా ఆగి ఉన్నప్పుడు బీమా ఉంటుందా, గోడౌన్‌లో ఉన్నప్పుడు ఉంటుందా, ఎన్ని గంటల వరకు, దొంగతనానికి కూడానా లేక నిప్పుకీ ప్రమాదానికీ మాత్రమేనా అని విడివిడిగా అడగండి. నోటి మాట వద్దు, ఆ వాక్యం ఎక్కడుందో వేలు పెట్టి చూపించమనండి. అసలది బీమా కంపెనీ ఇచ్చిన పాలసీయా, దానికో నంబరుందా, లేక వీళ్ళే తమ బిల్లు మీద "బీమా" అని రాసుకున్నారా అన్నది కూడా చూడాలి. రెండోదైతే అది వాళ్ళ మాట తప్ప బీమా కాదు.

పరిహారం ఎలా లెక్కకడతారో కూడా తెలుసుకోండి. కొందరు బరువుని బట్టి ఇస్తారు. అలా ఐతే పాత ఇనప బీరువాకి వచ్చినంత కొత్త ల్యాప్‌టాప్‌కి రాదు. మీరు రాసిచ్చిన విలువని బట్టి ఇస్తామంటే ఆ లిస్టు శ్రద్ధగా రాయండి. మనం సొంతంగా ప్యాక్ చేసుకున్న పెట్టెల్లో ఏదైనా పగిలితే బాధ్యత మాది కాదు అనే షరతు చాలాచోట్ల ఉంటుంది, అందుకని గాజువీ పింగాణివీ వాళ్ళ చేతే కట్టించడం మేలు. నష్టం ఎన్ని రోజుల్లోగా రాసివ్వాలో కూడా అడిగి పెట్టుకోండి.

లిస్టు అంటే గుర్తొచ్చింది. మొదటిసారి మా కాగితంలో "అట్టపెట్టెలు సుమారు 40" అని రాసుంది, నేనే సంతకం పెట్టాను. సుమారు అన్నాక, ఒక పెట్టె రాలేదని ఎవరితో ఏం వాదిస్తాం? రెండోసారి ప్రతి పెట్టెకీ రెండు పక్కలా 1 నుంచి 43 వరకు నంబర్లు వేశాను, ఏ నంబర్లో ఏముందో నా నోటుబుక్కులో రాసుకున్నాను. పెట్టె మీద మాత్రం నంబరు తప్ప ఇంకేం రాయలేదు. "కెమెరా", "వెండి సామాను" అని పైన రాసి రాత్రంతా వదిలేయడం పిలిచి చూపించినట్టే కదా. పెద్ద వస్తువులకి నాలుగు వైపులా ఫోటోలు తీసుకోండి, పాత గీతలతో సహా.

డబ్బు విషయానికొస్తే, రాత్రి ఉంచినందుకు విడిగా ఎంత, మర్నాడు ఎన్నింటి దాకా ఆ ధరే వర్తిస్తుంది, మీ కొత్త ఇంటివాళ్ళు తాళాలివ్వడం ఆలస్యమైతే గంటకెంత, పొద్దున దించడానికి మనుషులు అదే ధరలో వస్తారా, ఇవన్నీ ముందే మెసేజ్‌లో రాయించుకోండి. సామాను వాళ్ళ బండిలో, మీరు వీధిలో ఉన్నప్పుడు బేరమాడే స్థితిలో ఉండరు. బండి సొంతమా, అద్దెకి తెచ్చిందా అని కూడా అడగండి. అద్దెదైతే రాత్రి బాధ్యత ఎవరిదో తేల్చుకోవాలి. బండి నంబరు ప్లేటు ఫోటో, డ్రైవరు ఫోన్ నంబరు, రాత్రి పదింటికి చేసినా ఎత్తే మనిషి నంబరు మీ దగ్గర ఉండాలి. ఆ నంబరు నిజంగా ఎత్తుతారో లేదో ముందురోజు రాత్రే ఓసారి చేసి చూడండి. నేను చూశాను. ఎత్తారు, కొంచెం చిరాగ్గానే.

కాగితాలు, నగలు, మందులు, ల్యాప్‌టాప్, ఛార్జర్లు, మర్నాటికి ఒక జత బట్టలు మీతోనే ఉంచుకుంటారని వేరే చెప్పక్కర్లేదు. గ్యాస్ సిలిండరు, పెట్రోలు, పెయింట్ థిన్నర్ లాంటివి రాత్రి మూసిన బండిలో పెట్టకూడదు. ఏవి తీసుకోరో వాళ్ళనే అడగండి. ఆ ప్రశ్నకి "ఏవైనా పర్లేదు మేడమ్" అని జవాబు వస్తే నేనైతే వేరే కంపెనీని చూసుకుంటాను.

పొద్దున దించేటప్పుడు ఇంట్లో ఒక మనిషికి వేరే ఏ పనీ పెట్టకండి. గుమ్మం దగ్గర నిలబడి నంబర్లు కొట్టేసుకోవడమే ఆ మనిషి పని. మా ఇంట్లో మా అత్తగారు కుర్చీ వేసుక్కూర్చుని ఆ పని చేశారు. 31 పెట్టెలు రాగానే డ్రైవరు సంతకం పెట్టమంటే, "ఇంకా 12 రావాలి నాయనా" అన్నారు. దించడం పూర్తికాకుండా సంతకం పెట్టకండి. మరీ తొందరపెడితే "పెట్టెలు విప్పి చూడలేదు" అని సంతకం పక్కన రాయండి.

చివరగా ఒకటి. మీ పాత ఇంటివాళ్ళని ఇంకో రాత్రికి అడిగి చూశారా? ఒక రోజు అద్దె ఇచ్చి, పొద్దున్నే లోడింగ్ పెట్టించుకుంటే రాత్రి నిల్వ ఛార్జీ కన్నా తక్కువే అవ్వచ్చు, ఈ గొడవంతా ఉండదు. మేం రెండుసార్లూ అడగలేదు, మొహమాటం. వాళ్ళు కుదరదంటే, ప్యాకర్స్‌కి ఇవాళే ఫోన్ చేసి ఆ మొదటి ప్రశ్న అడగండి. నెలాఖరుకో వారాంతానికో మారుతున్నట్టయితే ఇంకా తొందరగా అడగండి. అప్పుడు బండ్లకి ట్రిప్పులు ఎక్కువ, రాత్రికి రాత్రి సామాను మార్చేది కూడా అప్పుడే. వాళ్ళేమన్నారో ఇక్కడ రాస్తే చూసి చెప్తాను.